యాదయ్య క్షమించలేదు

యాదయ్య కాక పోయాడన్న వార్త నాకు మంగళవారం ఉదయం, రెండో పీరియడుకూ మూడో పీరియడుకూ మధ్య, కాలేజీ స్టాఫ్‌రూములో అందింది. ఫోన్ చేసింది ఆయన భార్య అంజమ్మ. "బిడ్డా, మీ కాక పోయిండు. పొద్దుగాల చాయ్ అడిగిండు. నేను పెట్టుకొచ్చే వరకు లేడు" అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. కుర్చీ లాక్కొని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే నాలో ముందు లేచింది దుఃఖం కాదు, క్రోధం. ఈయన పోయాడు, ఆయన ఇంకా ఉన్నాడన్న క్రోధం.

ఆ 'ఆయన' ఎవరో చెప్తాను. పేరు మాత్రం రాయను. మర్యాద కొద్దీ కాదు. వేరొకరి పేరు ఉండవలసిన చోట్ల ఆయన పేరు ఇప్పటికే చాలాసార్లు అచ్చయింది. ఈ ఒక్క కాగితం మీదైనా ఆ భాగ్యం ఆయనకు దక్కనివ్వను. నేను డాక్టరేటు చేసిన పరిశోధన సంస్థలో అందరూ ఆయన్ని డైరెక్టర్ గారు అనేవారు. నేనూ అలాగే అంటాను.

అంత్యక్రియలకు శంషాబాదు పక్కనున్న ఆయన ఊరు పాల్మాకుల వెళ్లాను. ఊరంతా వచ్చింది. డైరెక్టర్ గారు రాలేదు, కారు వచ్చింది. డ్రైవరు పెద్ద పూలచక్రం దించాడు. దాని మీద గుడ్డ పట్టీ, పట్టీ మీద బంగారు రంగులో ఆయన పేరు. అంజమ్మ లేచి వచ్చింది.

"ఎవలు పంపిండ్రు?" అని అడిగింది. డ్రైవరు చెప్పాడు.

ఆమె ఆ చక్రాన్ని రెండు చేతులా ఎత్తి, తెరిచి ఉన్న కారు వెనక సీట్లో పెట్టి, తలుపు వేసింది. "మా ఆయన ఉన్నప్పుడు మీ సారు తాన నుంచి ఏం తీసుకోలే. ఇప్పుడు ఆయన తరఫున నేను తీసుకుంటనా? తీస్కపో" అంది. మళ్లీ వెళ్లి భర్త కాళ్ల దగ్గర కూర్చుంది.

రెండు రోజుల తర్వాత సంస్థలో సంతాప సభ జరిగింది. వక్తలు ఒకరి వెనక ఒకరు లేచి యాదయ్యను సౌమ్యుడన్నారు, నిగర్వి అన్నారు. ఒకరైతే అజాతశత్రువు అన్నారు. అందరినీ క్షమించి వెళ్లిన మహానుభావుడన్నారు. చనిపోయిన మనిషికి ఎదురు చెప్పే నోరుండదు కదా అని జనం ఎన్ని అపవాదులైనా వేస్తారు. క్షమించాడనడం కూడా అపవాదే. యాదయ్యకు ఒక శత్రువు ఉన్నాడు. ఆ శత్రుత్వాన్ని ఆయన ఏళ్ల తరబడి, ఏమరుపాటు లేకుండా, శ్రద్ధాభక్తులతో నిలబెట్టుకున్నాడు. ఆయన వ్యక్తిత్వంలో నేను చేతులెత్తి నమస్కరించే గుణాల్లో అదొకటి. ఈ వ్యాసం రాస్తున్నది ఆ మాట చెప్పడానికే.

రాళ్లమీద, చెట్ల బెరడు మీద మచ్చల్లాగా, చిన్న చిన్న ఆకుల్లాగా అంటుకొని పెరిగే జీవాలను లైకెన్లు అంటారు. శిలీంధ్రమూ శైవలమూ ఒకదాన్నొకటి ఆనుకొని బతకగా ఏర్పడే రూపం అది. మన బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు వాటిలో ఒకటి. లడఖ్, స్పితి వంటి శీతల మరుభూముల్లో, వాన చినుకు ఎరగని కొండరాళ్ల మీద బతికే లైకెన్లను పంతొమ్మిది వేసవులపాటు కాలినడకన తిరిగి సేకరించి, ఏది ఏ కొండ మీద, ఎంత ఎత్తున, రాయికి ఏ వైపున ఉందో పటం మీద చుక్కలుగా ఎక్కించిన మనిషి యాదయ్య. సంస్థ రికార్డుల్లో ఆయన హోదా అటెండరు.

పదో తరగతితో చదువు ఆగిపోయి, శంషాబాదులో ఒక కిరాణా కొట్టులో పొట్లాలు కడుతుండేవాడట. ఆ కొట్టుకు సరుకుల కోసం వచ్చే మా సంస్థ పాత శాస్త్రవేత్త ఒకాయన ఆ పొట్లాల మడత చూసి ముచ్చటపడి, "లైకెన్ల నమూనాలకు పొట్లాలు కడతావా?" అని అడిగి తీసుకొచ్చాడు. నమూనాను కాగితంలో మడిచి, పైన వివరం రాసి భద్రపరచడం ఈ శాస్త్రంలో మొదటి పని. యాదయ్య మడిచిన పొట్లం ముప్పై ఏళ్ల తర్వాత తెరిచినా ఒక్క పలుకు బయటికి రాలేది కాదు. ఆ పెద్దాయన దగ్గరే భూతద్దం పట్టడం, క్షారం చుక్క వేసి లైకెను పసుపెక్కుతుందో ఎర్రబడుతుందో చూడటం, లాటిను పేర్లు పలకడం నేర్చుకున్నాడు. ఆ పేర్లను పాల్మాకుల యాసలో పలికేవాడు. మేం కుర్ర పరిశోధకులం చాటుగా నవ్వేవాళ్లం. పేరు తప్పు పలికాడు గానీ జాతిని తప్పు చెప్పగా నేను చూడలేదు.

నా తొలి యాత్రలో ఒక కనుమ దగ్గర నారింజ రంగు లైకెను కనబడితే, సంబరంతో ఉలి పెట్టి అరచేతంత పెచ్చు లేపబోయాను. యాదయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. "ఏంది బిడ్డా గట్ల చేస్తున్నవ్? ఇది గింతయ్యేటందుకు మీ తాత పుట్టకముందు నుంచి కష్టపడ్డది. గోరంత తీస్కో. మిగిలింది దాన్ని బతకనియ్యి" అన్నాడు. నేను గోరంతే తీశాను. ఆయన ఆ రాయి ముందు గొంతుక్కూర్చుని, పెన్సిలుతో పొట్లం మీద ఊరు, ఎత్తు, తేదీ రాసి, కింద ఆ కొండ అంచును చిన్న గీతగా గీశాడు. చలికి పెన్నులో సిరా కదలదు కాబట్టి పెన్సిలు. కొండ బొమ్మ ఎందుకని అడిగాను. "అంకెలు తప్పుతయ్. కొండ మొఖం తప్పదు" అన్నాడు. ఆ గీతలే తర్వాత ఒక మనిషి పరువు తీశాయి.

ఈ యాత్రలకు డైరెక్టర్ గారే నాయకత్వం వహించేవారు. పెట్టెలు, సుత్తులు, మందు సీసాలతో యాదయ్య రైల్లో, ఆ తర్వాత లారీల్లో రోజుల తరబడి ప్రయాణించేవాడు. డైరెక్టర్ గారు శంషాబాదులో విమానమెక్కి నేరుగా కొండల దగ్గర దిగేవారు. "సారు నా ఇంటి మీదికెంచే పోతడు. కిందికి చూస్తే నేను కనవడ్తనో లేదో" అని యాదయ్య నవ్వేవాడు. అప్పట్లో ఆ నవ్వులో విషం లేదు. డైరెక్టర్ గారు అతిథిగృహం దాటి కొండెక్కగా నేను చూడలేదు. తల నొప్పంటారు, ఆయాసమంటారు. సాయంత్రం యాదయ్య దిగి వచ్చి పొట్లాలు బల్లమీద పరిస్తే, వాటి పక్కన నిలబడి ఫొటో దిగేవారు.

తర్వాత ఆ పటాల గ్రంథం అచ్చయింది. పెద్ద పుస్తకం, నున్నటి కాగితం, ముఖచిత్రం మీద ఆ ఫొటో. గ్రంథకర్త డైరెక్టర్ గారు. కృతజ్ఞతల పుటలో వంటమనిషికీ గుర్రాలవాడికీ మధ్య 'యాదగిరి' అన్న పేరు ఉంది. అది మా యాదయ్యే. పంతొమ్మిది వేసవులు తనతో వచ్చిన మనిషి పేరు ఆయనకు తెలియదు.

దానికి కూడా యాదయ్య పరేషాన్ కాలేదు. పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్లి, మంచం మీద పరిచి, భూతద్దంతో ఒక్కొక్క పటం చూశాడట. మర్నాడు పుస్తకం చంకన పెట్టుకొని డైరెక్టర్ గారి గదికి వెళ్లాడు. నేను నా థీసిస్ కాగితాలతో అక్కడే నిలబడి ఉన్నాను.

"సార్, ఈ చుక్కలు ఎవలు వెట్టిండ్రు? ఇక్కడ నేను పోలే. మీరు పోలే. ఈ ఒక్కటైతే ఉప్పు చెరువు నడుమ ఉన్నది. నీళ్ల మీద రాతిపువ్వు మొలుస్తదా?"

డైరెక్టర్ గారికి ఒక సిద్ధాంతం ఉంది. ఒక అరుదైన జాతి తూర్పు నుంచి పడమటికి ఎడతెగకుండా వ్యాపించిందని ఆయన వాదం. యాదయ్య పొట్లాలు అందుకు సాక్ష్యం చెప్పలేదు. మధ్యలో ఖాళీలున్నాయి. ఆ ఖాళీల్లో ఆయన చుక్కలు పెట్టారు. ఆ సిద్ధాంతానికే పురస్కారం వచ్చింది.

ఆయన తల ఎత్తకుండానే అన్నారు: "నీ పని పొట్లాలు కట్టడం, యాదయ్యా. పటాల సంగతి మేం చూసుకుంటాం. వెళ్లు."

యాదయ్య వెళ్లి, తెలుగులో నాలుగు పేజీల ఫిర్యాదు రాశాడు. తన పేరు కోసం కాదు. ఏ చుక్కలు అబద్ధమో వరసగా రాశాడు. విచారణ సంఘం వేశారు. ఇంతలో ఒక్కో నమూనాలోంచి ఒక్కో ముక్క తీసి పెట్టిన కొత్త పొట్లాలు బీరువాల్లోకి వచ్చాయి. వాటి మీద టైపు చేసిన చీటీలు, సేకర్తగా డైరెక్టర్ గారి పేరు. పెన్సిలు రాతల పాత పొట్లాలు ఒక్కటీ కనబడలేదు. మిగిలింది యాదయ్య జేబులో ఉంచుకున్న ఒక చిన్న నోటు పుస్తకం. యాత్రల్లో రాసిన పుస్తకం ఇదని ఆయన అంటే, ఇంట్లో కూర్చుని ఈ మధ్య రాసి తెచ్చాడని డైరెక్టర్ గారు అన్నారు. అతను మూటలు మోయడానికే వచ్చేవాడని కూడా అన్నారు.

సంఘం నన్ను పిలిచింది. ఆ నోటు పుస్తకం నా ముందు పెట్టి, కొండల మీద ఈ మనిషి ఇందులో రాస్తుండగా మీరు చూశారా అని అడిగింది. నేను చూశాను. ఒకటి కాదు, నాలుగు వేసవులు చూశాను. నా థీసిస్ మీద డైరెక్టర్ గారి సంతకం ఇంకా పడలేదు.

"కచ్చితంగా చెప్పలేనండీ" అన్నాను.

బల్లకు అవతల కూర్చున్న యాదయ్య నా వైపు చూశాడు. కోపంగా చూస్తే తట్టుకునేదాన్ని. పొట్లం మీద వివరం రాసేముందు నమూనాను చూసినట్టు, ఇది ఏ జాతిదో తేల్చుకుంటున్నట్టు చూశాడు.

తప్పుడు ఫిర్యాదు చేసిన నేరానికి ఆయన్ని ప్రయోగశాల నుంచి తీసి గేటు దగ్గర కూర్చోబెట్టారు. లోపలికి ఏం వస్తున్నదీ, బయటికి ఏం పోతున్నదీ రిజిస్టరులో రాయడం ఆయన పని. నాకు డాక్టరేటు వచ్చింది. గేటు దాటిన ప్రతిసారీ ఆయన తల వంచి రిజిస్టరు చూసుకునేవాడు. తర్వాత నేను కాలేజీ ఉద్యోగంలో చేరి మైలార్‌దేవ్‌పల్లిలో ఇల్లు తీసుకున్నాను. నాలుగేళ్లు మా మధ్య మాట లేదు.

ఒక రోజు ఫోన్ వచ్చింది. "ఆదివారం పాల్మాకుల రా" అన్నాడు. అంతే. వెళ్లాను. మనిషి సగమయ్యాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయట, మాట మాటకూ ఆగి గాలి పీల్చుకుంటున్నాడు. నేను గడపలోనే ఏడ్చాను. "కాకా, నన్ను మాఫ్ చెయ్యి" అన్నాను.

"మాఫీ అడుగకు. ఇయ్య. పని ఉంది, లోపటికి రా" అన్నాడు.

లోపలి గదిలో గోడవారన బస్తాలు. ఒకటి విప్పాడు. పెన్సిలు రాతల పాత పొట్లాలు! ఒక్కొక్క దాని మీద ఊరు, ఎత్తు, తేదీ, కింద కొండ అంచు గీత.

జరిగింది ఇది. విచారణ ముగిసిన కొన్నాళ్లకు డైరెక్టర్ గారు అప్పటిదాకా దాచిన పాత పొట్లాలను చెత్త ట్రాక్టరులో బయటికి పంపించారు. ఆ ట్రాక్టరు గేటు దగ్గర ఆగింది. గేటు దగ్గర యాదయ్య ఉన్నాడు. శిక్షగా కూర్చోబెట్టిన చోటే సాక్ష్యం ఆయన చేతికి వచ్చింది. సరుకు బయటికి పోవాలంటే అనుమతి చీటీ కావాలి. ఆ చీటీలో 'పాత నమూనా పొట్లాలు, పారవేయుటకు' అని రాసి డైరెక్టర్ గారు స్వహస్తాలతో సంతకం చేశారు. యాదయ్య రిజిస్టరులో నియమం ప్రకారం ఎక్కించాడు, ఆ పుటకూ చీటీకీ నకలు తీయించుకున్నాడు. డ్యూటీ దిగాక చెత్తకుప్ప దగ్గరికి ఆటో కట్టించుకొని పోయి, బస్తాలు ఏరుకొని ఇంటికి తెచ్చుకున్నాడు. రిటైరయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు. "అప్పుడే చెప్తే నౌకరీ పోతుండె, బస్తాలు గూడ పోతుండె" అన్నాడు.

ఆనాటి నుంచి రెండేళ్లు, ప్రతి ఆదివారం నేను పాల్మాకుల వెళ్లాను. పొట్లం తెరిచి, నమూనా చూసి, నోటు పుస్తకంతో సరిచూసి, కొత్త పటం మీద చుక్క పెట్టాలి. చుక్క పెట్టేది ఆయన, రాసేది నేను. కొండ అంచు గీతను ఆ ప్రాంతపు ఫొటోలతో పోల్చేవాళ్లం. ఒక్కటీ తప్పలేదు. తడిసిన ఒక్క పొట్లాన్ని మాత్రం చివర చూద్దామని పక్కన పెట్టాడు. అబద్ధపు చుక్కలున్న చోట్లను ఆయన ఖాళీగా వదిలేవాడు. ఖాళీ వచ్చినప్పుడల్లా "గిక్కడ సారు పోయిండు, విమానంల" అని దగ్గుతూ నవ్వేవాడు. ఆ నవ్వులో ఇప్పుడు విషం ఉంది. అది నాకు అమృతంలా ఉండేది.

నా మీద కూడా ఆయన దయ చూపలేదు. మొదటి ఆదివారమే తెల్లకాగితం ముందు పెట్టి, "సంఘం ముందర ఏం చూసినవో, ఏం చెప్పినవో, ఎందుకు చెప్పినవో రాయి" అన్నాడు. రాశాను. చదివి, "ఎందుకన్నది సాఫ్‌గ రాయలే. మళ్ల రాయి" అన్నాడు. మూడుసార్లు రాయించాడు. చివరికి 'నా థీసిస్ మీద సంతకం కోసం యాదయ్య సత్యాన్ని అమ్మాను' అన్న వాక్యం వచ్చాక, మడిచి పొట్లాల పక్కన పెట్టాడు. నేనున్న గదిలో ఆయన భోజనం చేసేవాడు కాదు. కంచం పట్టుకొని వాకిట్లోకి వెళ్లేవాడు. అంజమ్మ మాత్రం నాకు వడ్డించేది. "ఆయన కోపం ఆయనది. నా ఇంటికొచ్చినోళ్లను నేను ఉపాసం పంప" అనేది. వాకిట్లోంచి కాక వింటున్నాడని తెలిసీ గట్టిగానే అనేది.

అన్నీ కలిపి, డైరెక్టర్ గారి గ్రంథాన్ని అచ్చువేసిన వారికీ, పురస్కారమిచ్చిన వారికీ పంపించాం. పటం, పొట్లాల జాబితా, గేటు చీటీ నకలు, నా వాంగ్మూలం. ఈసారి వచ్చిన సంఘం పాల్మాకుల ఇంటికే వచ్చింది. ముగ్గురు పెద్దలు చాప మీద కూర్చుని, యాదయ్య చూపిస్తుంటే పొట్లాలు విప్పారు. సంస్థ బీరువాలోని గేటు రిజిస్టరు తెప్పించారు. పుట యథాతథంగా ఉంది. గేటు దగ్గర కూర్చున్న మనిషి రాసేది ఎవరు చదువుతారులే అనుకొని, దాన్ని చింపాలని కూడా ఎవరికీ తోచలేదు.

నిర్ణయం వచ్చేసరికి యాదయ్య దవాఖానలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఉత్తరం నేనే చదివి వినిపించాను. గ్రంథాన్ని ఉపసంహరించారు. పురస్కారం రద్దు చేశారు. నమూనాలన్నింటికీ సేకర్తగా యాదయ్య పేరు చేర్చాలని ఆదేశించారు. ఆయన కళ్లు మూసుకొని విన్నాడు. ముక్కుకున్న గొట్టం పక్కకు జరిపి అడిగాడు.

"సారుకు ఎరుకైందా?"

"ఎరుకైంది కాకా. ఉత్తరం ఆయనకూ పోయింది."

"ఏమన్నడు?"

"గది తలుపేసుకున్నాడట."

"మొఖం ఎట్లయిందో జర చూస్తే మంచిగుండె" అన్నాడు. ఆ మాటతో ఆయన ముఖంలో వచ్చిన వెలుగును నేను ఏ కొండ మీదా చూడలేదు. సౌమ్యుడట! ఆ వెలుగు చూసి ఉంటే సంతాప సభలో ఆ మాట అనేవారు కాదు.

ఆ సంతోషం చూసి నాకూ ధైర్యం వచ్చింది. మంచం పట్టె మీద చెయ్యి వేసి, "కాకా, మరి నేను?" అన్నాను. ఆయన గొట్టాన్ని మళ్లీ ముక్కుకు సర్దుకున్నాడు. "ఇంక ఒక పొట్లం మిగిలింది కద? ఇంటికి పంపినంక, వచ్చే ఆదివారం చూద్దాం" అన్నాడు. క్షమించానని అనలేదు. రమ్మన్నాడు. ఇంటికి పంపించారు. ఆదివారం రాకముందే, మంగళవారం, వెళ్లిపోయాడు.

ఈ సంస్మరణను ఆయన శత్రువు చదువుతాడని నాకు తెలుసు. చదవాలనే రాశాను. మీరు పంపిన పూలచక్రం వెనక్కి వచ్చినట్టే, మీరు ఆయనకు అంటగట్టాలనుకుంటున్న క్షమ కూడా వెనక్కి వచ్చింది, డైరెక్టర్ గారూ. యాదయ్య మిమ్మల్ని క్షమించకుండానే పోయాడు. నన్నూ క్షమించకుండానే పోయాడు. మనిద్దరం బతికినన్నాళ్లు దాన్ని మోయాలి. నేను మోస్తానని ఇక్కడ సంతకం పెడుతున్నాను. మీ సంతకం సంగతి గేటు చీటీకి తెలుసు.

కొత్త పటం త్వరలో ఆయన పేరుతో అచ్చవుతుంది. ఆ పేరు ఈసారి సరిగ్గా 'యాదయ్య' అనే ఉంటుంది. కానీ రాతిని ముట్టుకోకముందే అనుమతి అడిగినట్టు దాని ముందు గొంతుక్కూర్చునే మనిషి ఇక లేడు. కొండ అంచు చూసి ఊరు చెప్పగల కన్ను ఇక లేదు. ఆ లోటును నేను గానీ, నా విద్యార్థులు గానీ, ఏ యంత్రం గానీ పూడ్చడం జరగని పని.

మొన్న ఆదివారం అలవాటు కొద్దీ పాల్మాకుల వెళ్లాను. అంజమ్మ అన్నం పెట్టింది. లోపలి గదిలో మిగిలిన ఆ ఒక్క పొట్లం తీశాను. తడి తగిలి పెన్సిలు రాత చెరిగిపోయింది. కొండ గీత సగమే కనబడుతోంది. నోటు పుస్తకంలో దానికి సరిపోయే పుట లేదు. లోపల గోరంత నారింజ రంగు పెచ్చు, నిన్న తీసినంత చక్కగా ఉంది. ఇలాంటప్పుడు 'స్థలం తెలియదు' అని రాయడం శాస్త్ర నియమం. పెన్సిలు తీశాను. ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు.

'స్థలం: యాదయ్యకు తెలుసు' అని రాసి, ఆయన మడిచినట్టే మడిచి పెట్టి వచ్చాను.